విరామం బాకీ కాదు

ట్రయాథ్లాన్ సాధకుల నోట ఈ మధ్య తరచుగా ఒక మాట వినవస్తున్నది: "ఆరు నెలలు పోయాయి డాక్టరుగారూ, వాటిని కవర్ చేయాలి." ఈ మాటతో నాకు పేచీ ఉన్నది. డెంగీతో మంచాన పడినా, కాలి ఎముక విరిగినా, ప్రసవమైనా, ఇంటి పెద్దల జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగినా, ఆగిపోయిన ఆ నెలలు ఎవరికీ పడిన బాకీ కాదు. వాటిని వడ్డీతో సహా తీర్చాలన్న తొందరే మడమలను, మోకాళ్ళను, ఒక్కొక్కప్పుడు గుండెను సైతం దెబ్బతీస్తున్నది.

తెలియనివారి కోసం రెండు మాటలు. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలోని ఓఅహులో 15 మందితో మొదలై, 12 మంది మాత్రమే ముగించిన పోటీ నుంచి పుట్టినది ఐరన్‌మ్యాన్. సుమారు 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. సాధారణంగా 17 గంటల గడువు. ఇందులో సగం దూరాల పోటీ 2019లో గోవాకు వచ్చింది. మన హైదరాబాదు, విశాఖల నుంచి కూడా ఉద్యోగాలు చేసుకుంటూ, తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఇందుకు సాధన చేసేవారున్నారు. వారి పట్టుదల నాకు గౌరవపాత్రమే. నా వాదం పట్టుదలతో కాదు, తొందరతో.

సాధన ఆగితే ముందుగా తగ్గేది రక్తంలోని ప్లాస్మా. కొద్ది రోజులలోనే అది తగ్గుముఖం పడుతుంది. దానితో గుండె ఒక్కో స్పందనకు తోసే రక్తమూ తగ్గుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేసి మానివేసినవారిని పరిశీలించి 1984లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రాణవాయువును గరిష్ఠంగా వినియోగించుకునే శక్తి తొలి మూడు వారాలలో సుమారు 7 శాతం, పన్నెండు వారాలు గడిచేసరికి సుమారు 16 శాతం తగ్గింది. అంటే మూడు నెలలు మానినా ఆ శక్తిలో అధికభాగం మిగిలే ఉన్నది. "అంతా పోయింది" అని గుండెలు బాదుకోవలసినది ఏమీ లేదు.

మంచాన పడటం వేరు. 1966లో డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం దిగనీయకుండా ఉంచితే అదే శక్తి నాలుగింట ఒక వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయోభారం చేసిన నష్టం సగటున ఆ మూడు వారాల మంచం చేసిన నష్టంకంటె తక్కువే! ఇంతవరకే చదివి "చూశారా, విశ్రాంతి ఎంత ప్రమాదమో" అని ఊదరగొట్టేవారు మిగిలిన సగం చెప్పరు. యాభై ఏళ్ళ వయసులో వారి చేత ఆరు నెలలు, మెల్లమెల్లగా పెంచుతూ సాధన చేయిస్తే, వయసు హరించిన ఆ శక్తి తిరిగి వచ్చింది. ఆరు నెలలు అన్న మాటను గమనించండి. ఆరు వారాలు కాదు.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. గుండె, రక్తం త్వరగా కోలుకుంటాయి. కండరం కొంత ఆలస్యంగా కోలుకుంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లూ, ఎముకలూ చాలా నెమ్మది. కొత్త బరువు పడినప్పుడు ఎముక తనను తాను పునర్నిర్మించుకుంటుంది. అయితే ముందుగా పాత భాగాన్ని తొలగించి, ఆ తరువాతనే కొత్తది నింపుతుంది. తొలగింపు వారాలలో జరిగితే, నింపడానికి నెలలు పడుతుంది. ఈ సంధికాలంలో ఎముక మునుపటికంటె బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయాసం తగ్గి, "ఇంకో ఐదు కిలోమీటర్లు పరుగెత్తగలను" అన్న ధీమా కలుగుతుంది. చేతి గడియారం కూడా వంత పాడుతుంది. అది నాడిని లెక్కిస్తుందే గాని ముంగాలి ఎముకలో పడుతున్న సన్నని చీలికను చూడలేదు. తొలి వారాలలో ఎక్స్‌రేకు కూడా అది చిక్కకపోవచ్చు. ముంగాలి మీద ఒక్క వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి పుడుతున్నదంటే, ఎక్స్‌రే బాగున్నదని చెప్పి పరుగుకు పోవద్దు.

వారానికి పది శాతం చొప్పున పెంచితే చాలునన్న సూత్రాన్ని కొందరు శిక్షకులు వేదవాక్కులా వల్లిస్తారు. 2008లో నెదర్లాండ్స్‌లో ఐదు వందల మందికి పైగా కొత్త పరుగరులను రెండు జట్లు చేసి ఈ సూత్రాన్ని పరీక్షిస్తే, పాటించినవారిలోనూ పాటించనివారిలోనూ గాయాలు దాదాపు సమానంగానే, ఐదుగురిలో ఒకరికి, తగిలాయి. పైగా మనవారు చేసే తప్పు మరొకటి: పది శాతం దేని మీద? ఆరు నెలల క్రితం పరుగెత్తిన నలభై కిలోమీటర్ల మీద లెక్క కట్టి, మొదటి వారమే నలభైనాలుగుతో ప్రారంభిస్తే అది క్రమవృద్ధి అనిపించుకోదు.

జ్వరం తరువాతి సంగతి మరింత గట్టిగా చెప్పాలి. వైరస్ జ్వరాలు కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తాయి. అలా నిర్ధారణ అయినవారు మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామానికి దూరంగా ఉండాలన్నది హృద్రోగ నిపుణుల మాట. జ్వరం తగ్గిన తరువాత ఛాతీలో నొప్పి, గుండెదడ, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది ఉన్నా ముందు ఈసీజీ, తరువాతే సైకిల్. మన పూర్వులు లంకణం తరువాత పథ్యం పెట్టేవారు. జావతో మొదలుపెట్టేవారే గాని ఆవకాయ అన్నం వడ్డించేవారు కాదు. వేసవంతా పాకలో ఉన్న ఎద్దును తొలిరోజే పొద్దు గుంకేదాకా దుక్కి దున్నించే రైతును నా సర్వీసు కాలమంతా పల్లెలలో నేను చూడలేదు. చదువుకున్నవారు తమ దేహానికి ఆ పాటి కనికరం చూపరు.

అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీలలో సంభవించిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు మొత్తం 135 లెక్కకు రాగా, అందులో 90 ఈతలోనే జరిగాయి. బాధితులలో 85 శాతం పురుషులు. సగటు వయసు నలభై దాటింది. పాల్గొన్నవారి సంఖ్యతో పోలిస్తే లక్షకు ఇద్దరి లోపే; భయపడి మానుకోమనడం లేదు. కాని విరామం తరువాత తొలి ఈతను ఋషికొండ అలలలో, ఒంటరిగా చేయవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఈతకొలనులో, గట్టున మనిషిని ఉంచుకుని చేయండి.

నొప్పి మాత్ర మింగి పరుగెత్తడం మరొక వ్యసనం. మన ఎండలో, చెమటకు దేహం ఎండినప్పుడు, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి. ఎండకు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ అలవాటు కూడా విరామంలో పోతుంది. అలాగని దాహం లేకున్నా బిందెలకొద్దీ నీరు తాగరాదు. రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం వద్ద రక్తం ఇచ్చిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా ఉన్నది. కఠిన సాధన మరునాడు మూత్రం డికాషన్ రంగులో వస్తే ఇంట్లో కూర్చోక ఆస్పత్రికి వెళ్ళాలి.

"ఈ వయసులో నీకెందుకు, మానెయ్యి" అనే బంధువులతోనూ, కొందరు నా తోటి వైద్యులతోనూ నేను ఏకీభవించను. వారి సలహా సులువైనది, అందుకే ఇస్తారు. బిడ్డ పుట్టిన రెండు నెలలకే పరుగెత్తిన తల్లిని ఆకాశానికెత్తే పత్రికలతో అంతకన్నా ఏకీభవించను. ప్రసవం తరువాత కనీసం మూడు నెలలు పరుగు వద్దు. మూత్రం జారడం, పొత్తికడుపులో బరువు ఉంటే ఇంకా ఆగాలి.

సైకిలూ ఈతా ముందు రావాలి, పరుగు చివర రావాలి. పరుగు కూడా నడకతో కలిపి, రోజు విడిచి రోజు, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో. ఎంత పెంచాలో మరునాటి ఉదయం మంచం దిగేటప్పటి మొదటి పది అడుగులను బట్టి నిర్ణయించుకోండి: మడమ పట్టేసి కుంటవలసి వస్తే నిన్నటిది ఎక్కువైంది. పోటీకి రుసుము కట్టడం మాత్రం, పరుగు మళ్ళీ మొదలుపెట్టి మూడు నెలలు గాయం లేకుండా గడిచిన తరువాత. ముందే కట్టి ఉంటే, నిర్వాహకులు వచ్చే సంవత్సరానికి మారుస్తారేమో అడగండి. మార్చకపోతే ఆ డబ్బు వదులుకోండి. ముంగాలి ఎముక అతకడానికి పట్టే నెలల జీతంతో పోల్చి చూస్తే అది చిన్న మొత్తమే.