అలారం మోగాక మంచం దగ్గరికి ఎవరొస్తారు?

రోగి రికార్డులు చదివి, పరిస్థితి విషమించబోతోందని ముందే చెప్పే కృత్రిమ మేధ మన ఆసుపత్రుల్లోకి రావాలనే నా కోరిక. సెప్సిస్ సంగతే చూడండి. ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోబోయి శరీరం అదుపు తప్పుతుంది. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మొదట్లో కనిపించేది కాస్త జ్వరం, కాస్త ఆయాసం, పల్స్ పెరగడం, అంతే. సాయంత్రం మాట్లాడిన బాలింత తెల్లారేసరికి వెంటిలేటర్ మీద ఉండవచ్చు. కొద్ది గంటల ముందు తెలిస్తే ప్రాణం దక్కవచ్చు.

కానీ అలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఎవరి మీద పరీక్షించారు? అమెరికాలో ఎపిక్ సంస్థ తయారుచేసిన సెప్సిస్ సాఫ్ట్‌వేర్ వందలాది ఆసుపత్రుల్లో వాడకంలో ఉండగా, మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని తమ రోగుల రికార్డులతో సరిచూసి 2021లో ఫలితం ప్రకటించారు. 2,552 సెప్సిస్ కేసుల్లో 1,709 దాని కంట పడనేలేదు. పైగా నూటికి 18 అడ్మిషన్లలో అలారం మోగించింది. అప్పట్లో అది లెక్కలోకి తీసుకున్న అంశాల్లో డాక్టర్ యాంటీబయాటిక్ రాశారా అన్నదీ ఒకటి. డాక్టరుకే అనుమానం వచ్చి మందు రాశాక ఇక అది కొత్తగా చెప్పేదేముంది? తర్వాత ఎపిక్ దాన్ని మార్చింది.

అమెరికాలోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి సెప్సిస్ హెచ్చరిక పద్ధతికి మాత్రం మంచి ఫలితమే వచ్చింది. 5 ఆసుపత్రుల్లో నడిపి 2022లో వివరాలు వెల్లడించారు. హెచ్చరిక వచ్చిన 3 గంటల్లోపు వైద్య సిబ్బంది చూసి నిర్ధారించిన రోగుల్లో, అలా చూడని వారికంటే మరణాలు 18.7 శాతం తక్కువ. ఇందులో నాకు ముఖ్యమనిపించింది ఆ 3 గంటలు. హెచ్చరిక అందుకుని మంచం దగ్గరికి మనిషి వెళ్లాలి.

మన వార్డుల్లో రాత్రిపూట అంతమంది రోగుల మధ్య ఒకరిద్దరు నర్సులే ఉంటే ఎవరు వెళ్తారు? అసలు బీపీ, పల్స్ వేళకు చూసి కేస్ షీట్‌లో రాసే తీరిక వారికి ఉంటుందా? రాయనిది కంప్యూటర్‌కు అందదు.

2007 నుంచి పోగైన ఆరోగ్యశ్రీ సమాచారం ఉందిగా అంటారేమో. బీమా రికార్డులో ముఖ్యంగా ఉండేది ఏ జబ్బుకు ఏ చికిత్స, ఎంత బిల్లు అన్నదే. బిల్లును బట్టి జబ్బును కొలిస్తే ఏమవుతుందో 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అమెరికాలో నల్లజాతి రోగుల వైద్యానికి ఖర్చు తక్కువయింది కాబట్టి, తెల్లవారికంటే జబ్బు ముదిరి ఉన్నా అలా కొలిచే ఒక సాఫ్ట్‌వేర్ వారికి అంతే స్కోరు ఇచ్చింది. పాడేరు ఏజెన్సీలో ఆసుపత్రి దాకా రాలేక ఇంట్లోనే ఉండిపోయిన మనిషి బిల్లు సున్నా. అలాంటి లెక్కలో ఆయనకు జబ్బే లేనట్టు. ఈ అన్యాయాన్ని మనం కంప్యూటర్ చేత చేయించకూడదు.

అధికారులను నేను కోరేది ఇదీ: ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనేముందు విశాఖ కేజీహెచ్‌లోనో, హైదరాబాద్ గాంధీలోనో కొన్నాళ్లు హెచ్చరికలను చికిత్సకు వాడకుండా నడిపి చూడండి. ఎంతమందిని వదిలేసిందో, ఎన్నిసార్లు ఊరికే మోగిందో ప్రజల ముందు పెట్టండి. కొనుగోలు ఫైలుతోపాటే రాత్రి డ్యూటీకి కావలసిన నర్సు పోస్టుల ఫైలు మీదా సంతకం చేయండి.