తన ఆట నేర్పని గురువు

1996 అట్లాంటా ఒలింపిక్సులో టేబుల్ టెన్నిస్ సింగిల్సునందును, కాంగ్ లింగ్‌హుయితో కూడి డబుల్సునందును స్వర్ణపతకములు సాధించి, 1999లో ఐండ్‌హోవెన్ నగరమున ప్రపంచవిజేతయైన చైనా క్రీడాకారుడు ల్యూ గ్వోలియాంగ్, 2003లో, 27 ఏండ్ల వయసుననే, తన దేశపు పురుషుల జట్టుకు ప్రధానశిక్షకుడయ్యెను. గొప్ప ఆటగాడగుటచేతనే గొప్ప శిక్షకుడయ్యెనని పలువురందురు. తన ఆటను శిష్యులకు అంటగట్టకుండుటచేతనే అయ్యెనని నా నిశ్చయము.

బ్యాటును కలము వలె వ్రేళ్ళసందున ఇఱికించి (ఇదియే పెన్‌హోల్డ్ పట్టు), బల్లకు చేరువగ నిలిచి, పొట్టి బుడిపెల రబ్బరుతో బంతి పైకి లేచీ లేవకమునుపే చఱచుట ల్యూ పద్ధతి. సర్వీసు చేయునపుడు బ్యాటు బంతిని తాకు క్షణమును చేతిచాటున దాచుటచే, వచ్చునది సుడిగలదో లేనిదో ఎదుటివానికి అంతుపట్టెడిది కాదు. అయితే సిడ్నీ ఒలింపిక్సు ముగిసిన వెంటనే బంతి 38 మిల్లీమీటర్లనుండి 40కి పెరిగెను. మరుసటి యేట గేము 21 పాయింట్లనుండి 11కు తగ్గెను. 2002లో సర్వీసు దాచుట నిషిద్ధమయ్యెను. వేగము మందగించినది, చాటు తొలగినది. ఆయన ఆటకు ఊతములు రెండును ఊడిపోయినవి.

ఇట్టి స్థితిలో శిక్షకుడైనవాడు తన గతవైభవమును శిష్యులచే మరల ఆడించి చూచుకొనగోరుట మానవసహజము. ఈ మోహమునకు ఎందఱు పిల్లల సహజమైన చేతివాటము బలియైనదో మన ఊళ్ళలోని ఆటశాలలు చూచినవారికి చెప్పనక్కరలేదు. శిక్షకుని నియమించువారు ఆయన పతకములను లెక్కించుటతో ఆగక, ఆయన శిష్యులలో ఏ ఇద్దఱి ఆటయైన భిన్నముగ నున్నదా యని విచారింపవలెను.

ల్యూ శిష్యులలో మా లాంగ్, ఝాంగ్ జికే బ్యాటును కరచాలనము చేయునట్లు పట్టు షేక్‌హ్యాండ్ ఆటగాండ్రు, నున్నని రబ్బరుతో బంతిని ఒరసి సుడి తిప్పువారు. వాంగ్ హావో పెన్‌హోల్డ్ ఆటగాడే. కాని గురువు అప్పుడప్పుడు మాత్రమే వాడిన బ్యాటు వెనుకముఖమును అతడు బ్యాక్‌హ్యాండుకు పూర్ణాయుధముగ మలచుకొనెను. ఆ వాంగ్ హావో 2004 ఏథెన్సు ఫైనలులో ఓడిపోయెను. ఓడించిన కొరియా ఆటగాడు ర్యూ సుంగ్‌మిన్‌ది పాతపద్ధతి పెన్‌హోల్డ్. వెనుకకు మరలుటకు శిక్షకునకు ఇంతకు మించిన సాకు దొరకదు. ల్యూ మరలలేదు. 2008 బీజింగులో సింగిల్సు పతకములు మూడును చైనా వారికే దక్కెను. 2012లో ఝాంగ్ జికే, 2016లో మా లాంగ్ విజేతలైరి.

ఇదంతయు చైనా వ్యవస్థ బలమేకాని వ్యక్తి ఘనత కాదను ఆక్షేపణ కలదు. వ్యవస్థయే చాలునన్నచో 1989, 1991, 1993లలో పురుషుల ప్రపంచ జట్టు టైటిలు స్వీడనుకు పోనక్కరలేదు.

వరుసగ మూడు ఒలింపిక్సు సింగిల్సు ఫైనళ్ళలో ఓడి రజతముతో మరలిన వాంగ్ హావోయే, 2024 పారిస్‌లో చైనా పురుషుల జట్టుకు ప్రధానశిక్షకుడుగ నిలిచెను. అచ్చట సింగిల్సు స్వర్ణము గెలిచిన ఫాన్ జెన్‌డాంగ్ షేక్‌హ్యాండ్ ఆటగాడు.