వకీలు వాయిదాకు పోనిచో

బెల్లంపల్లిలో ఒక గనికార్మికుని భార్య, భర్త మరణించిన పిదప రావలసిన పరిహారమునకై వకాల్తానామాపై వ్రేలిముద్ర వేసి, కాగితములన్నియు వకీలున కిచ్చిన దనుకొందము. ఆయన వాయిదాలకు పోలేదు, కేసు కొట్టివేయబడినది. ఇప్పుడామె ఎవరితో చెప్పుకొనవలెను?

వినియోగదారుల కమిషనుతో కాదు. న్యాయవాదుల సేవ ఆ చట్టము క్రిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సివిలు దావా వేయవచ్చును; దానికి మరల వకీలే కావలెను! మిగిలినది హైదరాబాదులోని రాష్ట్ర బార్ కౌన్సిలు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము 35వ సెక్షను ననుసరించి దాని క్రమశిక్షణ సంఘము తప్పు చేసిన వకీలును మందలింపవచ్చును, కొంతకాలము వృత్తినుండి నిలిపివేయవచ్చును, జాబితానుండి పేరే కొట్టివేయవచ్చును. మనుష్యులను పిలిపించి విచారించుటలో సివిలు కోర్టున కున్న అధికారము దానికిని కలదు.

అయినను నోటీసుకు బదులీయక ఊరకుండువానికి కాలము కలిసివచ్చును. ఏడాదిలో తేలని ఫిర్యాదు 36-బి సెక్షను ప్రకారము ఢిల్లీలోని భారత బార్ కౌన్సిలుకు పోవును. జాప్యమునకు విరుగుడుగా చేర్చిన నియమమే యిది! ఢిల్లీ రైళ్లు బెల్లంపల్లి మీదుగనే పోవును గాని, ఆమె ఎన్ని వాయిదాలకు రైలెక్కగలదు? మొదటి నోటీసుకు బదులు రానినాడే, ఆ మౌనమును వేరొక తప్పుగా నెంచి, రాష్ట్ర సంఘమే విచారణ సాగింపవలెను.