రక్తానికి ఇద్దరు కాపలాదార్లు

పిల్లలూ! చింతపండు చారు తాగితే మన రక్తం పులుపెక్కుతుందా? ఎక్కదు. ఆమ్లక్షారాలను కొలిచే కొలతకు పి.హెచ్. అని పేరు. అది 7కు తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. మన రక్తం 7.35కూ 7.45కూ నడుమనే ఉండాలి.

తిన్న తిండి శక్తిగా మారేటప్పుడు ఒంట్లో ఆమ్లాలు పుడుతూనే ఉంటవి. వాటిని వెళ్ళగొట్టే కాపలాదార్లు ఇద్దరు. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును అప్పటికప్పుడే బయటికి ఊదేస్తవి. మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని నిదానంగా మూత్రంలో పంపుతవి.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు కొబ్బరితోటల ఊళ్ళలో, ఎందరికో మూత్రపిండాలు చెడిపోయినవి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. రెండో కాపలాదారు పడిపోతే ఆమ్లం రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు మొదటివాడు ఆ పని కూడా నెత్తిన వేసుకుంటాడు. మనిషి బరువుగా రొప్పుతాడు. కనుక ఆయాసమల్లా ఊపిరితిత్తుల జబ్బే అనుకోరాదు.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. రక్తమూ మూత్రమూ పరీక్షిస్తేనే బయటపడుతుంది. 2023లో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ తెరిచారు. ఉద్దానం పిల్లలూ, ఇంట్లో పెద్దలను పరీక్షకు బయలుదేరదీయండి. వైద్యుడు చెప్పనిదే నొప్పి మాత్రలు మింగవద్దని కూడా చెప్పండి.