ప్రకృతి యాత్రకు విశాఖయా, కాకినాడయా?

ప్రకృతి పరిశీలన యాత్రకు విశాఖ మేలా, కాకినాడ మేలా అన్నది మన విద్యార్థుల మధ్య తరచుగా వినవచ్చే ప్రశ్న.

విశాఖ సౌందర్యాన్ని కాదనగలవారెవరు? కొండలు కడలిని తాకే తీరమిది. కంబాలకొండ అరణ్యమూ, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ అమూల్యమైనవే. అయితే అవి మన ముంగిటనే ఉన్నవి. తగరపువలస నుండి వాటిని చూచుటకు ఒక్క ఆదివారం చాలును; కళాశాల నిధి అక్కరలేదు.

కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవులు ఇక్కడ దొరకని పాఠం చెప్పగలవు. 1978లో అభయారణ్యంగా ప్రకటింపబడిన ఈ ప్రాంతం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి నీరు ఉప్పునీటితో కలిసేచోట, గాలి పీల్చుటకై బురదలోనుండి పైకి లేచిన వేళ్లతో అక్కడి చెట్లు నిలబడతాయి. ఆ వేళ్ల మాటున చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. చేపలకై నీటిపిల్లి పొంచి ఉంటుంది. అంతకుమించి, ఉప్పెన వేగాన్ని తగ్గించే సజీవమైన గోడ ఆ అడవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు గురియైన ఈ ప్రాంతం వారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ నేర్చినది, భీమిలి వద్ద మన గోస్తనీ నది సాగరంలో కలిసేచోటును చూచేటప్పుడు అక్కరకు వస్తుంది.

కనుక నిధిని కాకినాడకు, ఆదివారాలను విశాఖకు కేటాయింపవలెనని కమిటీవారికి నా మనవి.