తీర్చిదిద్దింది డకార్, లాభపడింది ఐరోపా: సాడియో మానే బదిలీల లెక్క

ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆటగాడు లస్సానా డియారా వ్యవహారంలో ఐరోపా న్యాయస్థానం 2024 అక్టోబరు 4న వెలువరించిన తీర్పు ఆటగాళ్ల బదిలీల వ్యవస్థను కుదిపివేసింది. ఒప్పందాన్ని మధ్యలో విడిచిపెట్టిన ఆటగాడిపైన, అతడిని చేర్చుకునే కొత్త క్లబ్బుపైన అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా విధిస్తూ వచ్చిన కొన్ని షరతులు ఐరోపా చట్టానికి విరుద్ధమని ఆ తీర్పు పేర్కొంది. అనంతరం అదే ఏడాది డిసెంబరులో ఫిఫా తాత్కాలిక నిబంధనలను ఆమోదించింది. ఈ చర్చలో ప్రధానంగా వినిపిస్తున్నవి ఐరోపా క్లబ్బుల, క్రీడాకారుల సంఘాల వాదనలే. అయితే బదిలీల నియమాలు మారితే ఆ ప్రభావం పశ్చిమ ఆఫ్రికాలోని శిక్షణ మైదానాల దాకా వెళుతుంది. సెనెగల్ ఆటగాడు సాడియో మానే ప్రస్థానాన్ని రూపాయి, అణాల లెక్కలో చూస్తే ఇది బోధపడుతుంది.

దక్షిణ సెనెగల్‌లోని కాసమాన్స్ ప్రాంతంలో, బంబాలి అనే గ్రామంలో 1992లో మానే జన్మించారు. కౌమారంలో రాజధాని డకార్‌కు చేరి, జనరేషన్ ఫుట్ అనే శిక్షణ సంస్థలో ప్రవేశం పొందారు. 2000లో ఏర్పడిన ఈ సంస్థకు ఫ్రాన్స్‌లోని మెట్జ్ క్లబ్బుతో 2003 నుంచి ఒప్పందం ఉంది. మెట్జ్ ఆర్థికంగా తోడ్పడుతుంది. ప్రతిభావంతులు ముందుగా మెట్జ్‌కే వెళతారు. ఇస్మాయిలా సార్, పాపే మతార్ సార్ వంటి వారు ఐరోపాకు చేరుకున్నది ఈ బాటలోనే.

మానే 2011లో మెట్జ్‌కు వెళ్లారు. మరుసటి ఏడాది ఆ క్లబ్బు ఫ్రాన్స్ మూడో శ్రేణికి పడిపోయింది. వెంటనే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ క్లబ్బు సుమారు 40 లక్షల యూరోలు చెల్లించి మానేను తీసుకుంది. 2014లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు, 2016లో దాదాపు 3.4 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్‌కు ఆయన మారారు. డకార్ నుంచి బయలుదేరిన అయిదేళ్లకే ఆయన ధర పదింతలకు చేరువైంది. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన భారతీయ శ్రోతలు ఇక్కడ ఒక తేడా గమనించాలి. క్రికెట్ వేలంలో పలికిన ధర ఆటగాడి పారితోషికం. ఫుట్‌బాల్‌లో బదిలీ రుసుము ఆటగాడిని వదులుకున్న క్లబ్బుకు చెందుతుంది. ఆటగాడి వేతనం దానికి వేరు.

మరి శిక్షణ ఇచ్చినవారి వాటా ఎంత? ఫిఫా 2001 నుంచి సంఘీభావ చెల్లింపు పేరుతో ఒక నియమం అమలు చేస్తోంది. ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశానికి మారినప్పుడు, బదిలీ రుసుములో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య అతడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 15 ఏళ్ల వరకు ఒక్కో సంవత్సరానికి పావు శాతం, ఆపైన అర శాతం. ఈ లెక్కన 3.4 కోట్ల పౌండ్ల బదిలీలో ఒక్క ఏడాది శిక్షణకు 1.7 లక్షల పౌండ్లు రావాలి. డకార్‌లోని ఒక శిక్షణ సంస్థకు అది చిన్న మొత్తం కాదు. కానీ సౌతాంప్టన్, లివర్‌పూల్ రెండూ ఇంగ్లండ్ క్లబ్బులే. ఒకే దేశంలోని బదిలీలకు అప్పటి ఫిఫా నియమం వర్తించదు. మానే విలువ ఒక్కసారిగా పెరిగిన ఆ ఘట్టంలో సెనెగల్‌కు ఈ పద్దు కింద దక్కవలసినది ఏమీ లేకపోయింది. శిక్షణ ఇచ్చిన క్లబ్బు వేరే దేశానిదైతే దేశీయ బదిలీలోనూ వాటా చెల్లించాలని ఫిఫా 2020 జులైలో నియమాన్ని సవరించింది. మేలైన సవరణే, ఆలస్యమైనా.

ఖర్చు మాట కూడా చూడాలి. 18 ఏళ్లు నిండని ఆటగాళ్లను, కొన్ని మినహాయింపులు తప్ప, విదేశీ క్లబ్బులు చేర్చుకోరాదు. బాలలను మోసగించే దళారుల నుంచి రక్షణగా ఈ నిషేధం అవసరమే. దాని అర్థం మాత్రం ఆ వయసు వచ్చేవరకు తిండి, చదువు, ఆట ఖర్చులన్నీ స్థానిక సంస్థలే మోయాలని. ఐరోపాకు చేరే ప్రతి ఒక్కరి వెనుకా చేరలేకపోయిన ఎందరో పిల్లలు ఉంటారు. వారి మీద పెట్టిన ఖర్చుకు ఏ రుసుమూ రాదు.

ప్రవాహం ఒకవైపే ఉందనడం కూడా సరికాదు. 2022 ఫిబ్రవరి 6న ఈజిప్టును ఓడించి సెనెగల్ తొలిసారి ఆఫ్రికా కప్ గెలిచినప్పుడు జట్టు సారథి కాలిదౌ కౌలిబాలి, గోల్‌కీపర్ ఎడ్వర్డ్ మెండీ ఇద్దరూ ఫ్రాన్స్‌లో పుట్టి అక్కడే శిక్షణ పొందినవారు. ఆ ఫైనల్ ఆరంభంలో పెనాల్టీని వృథా చేసిన మానే, చివరి షూటవుట్‌లో నిర్ణాయక పెనాల్టీని గోల్‌గా మలిచారు. అప్పటికే లివర్‌పూల్‌తో చాంపియన్స్ లీగ్, ప్రీమియర్ లీగ్ టైటిళ్లు గెలిచిన ఆయన ఐరోపాలో నేర్చినది స్వదేశానికి అక్కరకు వచ్చింది. ఆ తరువాత బయెర్న్ మ్యూనిక్‌కు మారిన మానే, ప్రపంచ కప్‌కు కొద్ది రోజుల ముందు క్లబ్బు మ్యాచ్‌లో గాయపడి ఖతార్ వేదికకు దూరమయ్యారు. 2023లో సౌదీ క్లబ్బు అల్ నస్ర్‌కు వెళ్లారు.

బంబాలికి నేరుగా చేరిన ధనం మానే సొంత సంపాదన. చిన్నతనంలో తండ్రి మరణించినప్పుడు ఊరిలో ఆసుపత్రి లేదని ఆయన పలు ఇంటర్వ్యూల్లో చెప్పారు. దాదాపు 5 లక్షల యూరోలతో ఆయన కట్టించిన ఆసుపత్రి 2021లో ప్రారంభమైంది. పాఠశాలకూ సాయం చేశారు. ఈ సేవకు గుర్తింపుగా 2022లో బాలన్ డోర్ వేదికపై తొలి సోక్రటీస్ పురస్కారం లభించింది. దాతృత్వం ఆటగాడి ఇష్టంపై ఆధారపడుతుంది. శిక్షణ సంస్థ వాటా మాత్రం హక్కు. ఒకదానిని చూపి రెండోదానిని తగ్గించరాదు.

డియారా తీర్పు ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది. ఆటగాళ్లు ఒప్పందాల నుంచి సులువుగా బయటపడగలిగితే వారి స్వేచ్ఛ, వేతనాలు పెరుగుతాయి. బదిలీ రుసుములు తగ్గవచ్చు. సంఘీభావ చెల్లింపు ఆ రుసుము మీదే లెక్కిస్తారు కాబట్టి, ఒప్పందం ముగిసి రుసుము లేకుండా మారే ఆటగాడి విషయంలో చిన్ననాటి క్లబ్బుకు ఈ పద్దు కింద ఇప్పుడే ఏమీ రాదు. రుసుము బదులు కొత్త వేతన ఒప్పందం విలువలో కొంత శాతాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం ఒక మార్గం. ఈ ప్రతిపాదనను చర్చకు తేవలసింది ఆఫ్రికా సమాఖ్యలే. నిబంధనలు ఖరారైపోయాక అడిగితే, 2020 సవరణకు పట్టినంత కాలం మళ్లీ పట్టవచ్చు.