సముద్రం పాఠం వల లాగినోళ్లే చెప్పాలి

మట్టి గురించి రైతుని అడగాలని మనం ఎప్పుడూ అంటుంటాం. పొలంబడి పెట్టుకున్నది అందుకే కదా. మరి సముద్రం గురించి ఎవరిని అడగాలి?

మన తీరంలో ఉన్న ప్రతి బడిలో, ఒక్కో తరగతికి ఒక మత్స్యకారుడిని జత చెయ్యాలని నా అభిప్రాయం. ఏడాదికోసారి పిలిచి శాలువా కప్పి పంపించడం కాదు. నెలకోసారి ఒడ్డున పాఠం జరగాలి. వలలో పడిన కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు పిల్లలే వేరు చెయ్యాలి. గుడ్డుతో ఉన్న చేప ఏ నెలలో ఎక్కువ పడుతుందో రాసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఎందుకు ఆపుతారో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. మనం విత్తనం దాచుకున్నట్టే అది.

తాబేలుకి ఊపిరితిత్తులు ఉంటాయని పుస్తకం చెబుతుంది. గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు వలలో చిక్కితే, పైకి రాలేక ఎలా చస్తుందో వేటకెళ్లేవాళ్లే చెప్పగలరు.

"బడికొస్తే మా కూలి ఎవరిస్తారు?" అని వాళ్లు అడిగితే తప్పు లేదు. ఆ రోజు కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. పిల్లల్ని పడవ ఎక్కించక్కర్లేదు, ఒడ్డు చాలు.

ఇంకో మాట. నాన్న ఏం చేస్తాడని అడిగితే తల దించుకునే మత్స్యకారుల పిల్లల్ని నేను చూశాను. అదే నాన్న సారు పక్కన నిలబడి పాఠం చెప్తే, ఆ బిడ్డ ఇంక తల దించుకుంటాడా?